గాయపడిన ఆటగాడు - జట్టు వైద్యుడు

మన కళాశాల వార్షికోత్సవమునాడు వేదిక ప్రక్కనున్న బల్లపై కప్పులు, షీల్డులు వరుసగా పేర్చి యుంచుట మనకు ఆనవాయితీ. విద్యార్థులు వానిని తాకి చూచి మురియుదురు. అతిథులు ప్రశంసాపూర్వకముగ తల పంకింతురు. ఆ వరుసలోని ఒక కబడ్డీ కప్పును చూచినపుడు మాత్రము మేము తల వంచుకొందుము. ఆ కప్పు గెలిచిన కథ మన పత్రిక పాఠకులకు తెలియదు. నేడది చెప్పక తప్పదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక అంతర కళాశాలల పోటీలో మన జట్టు సెమీ ఫైనలు ఆడుచుండెను. మన జట్టులో మేటియైన రైడరు గీత దాటి వెనుకకు మరలబోవు క్షణమున అతని మోకాలు మెలితిరిగినది. లోపల 'టప్'మని శబ్దము వినబడినదని ఆ కుర్రవాడు స్వయముగ చెప్పినాడు. అరగంటలో మోకాలు గుమ్మడికాయవలె వాచినది. పోటీలకై నిర్వాహకులు పిలిపించిన వైద్యుడొకరు చూచి, ఇది వట్టి బెణుకేనని పలికి, ఇంజెక్షను నిచ్చి, బిగువుగా పట్టీ కట్టినారు. సాయంత్రము ఫైనలు జరిగినది. కుర్రవాడు కుంటుచునే ఆడినాడు. కప్పు మనకు వచ్చినది. ఆ రోజు అతని భుజము తట్టి మైదానములోనికి పంపినవారిలో మేమును ఉన్నాము.

ఆ తరువాతి సంగతి సంక్షేపముగ చెప్పెదము. ఇంటివారు అతనిని పుత్తూరు తీసికొనిపోయి కట్టు కట్టించినారు. వాపు తీసినది గాని మెట్లు దిగునపుడు మోకాలు జారిపోవుట మానలేదు. నెలల తరువాత ఎం.ఆర్.ఐ. తీయించగా లోపలి లిగమెంటు పూర్తిగా తెగినదనియు, కీలుమధ్యనుండు మెత్తని గాదియు చిరిగినదనియు తేలినది. తండ్రి పాడిగేదెను అమ్మి శస్త్రచికిత్స చేయించినాడు. పిమ్మట చేయవలసిన వ్యాయామములకు వారమునకు రెండుమార్లు నెల్లూరు పోవలెను. బస్సు ఖర్చులకు వెరచి రెండు వారములతో మానినారు. ఆ కుర్రవాడు పోలీసు ఉద్యోగపు పరుగు పరీక్షలో సగము దూరమైనను పూర్తిచేయలేక వెనుదిరిగినాడు. కప్పు మన బీరువాలో మెరయుచున్నది.

కనుక, గాయపడిన క్రీడాకారుడు తన జట్టు తరఫు వైద్యుని నమ్మి కత్తికి ఒడలు అప్పగింపవచ్చునా, కోలుకొనుటయందు ఆయన మాటనే ప్రమాణముగ గొనవచ్చునా అను ప్రశ్న ఎక్కడో విదేశములలోని ధనిక క్రీడాసంఘములకు మాత్రమే చెందినది కాదు. అది అనంతసాగరము చెరువుగట్టు ప్రక్క మట్టిలో కబడ్డీ ఆడు మన పిల్లలకును చెందిన ప్రశ్న.

మొదట జట్టు వైద్యుని పక్షమున చెప్పదగిన మాటలు చెప్పుట న్యాయము. ఆటగాని శరీరమును దినదినము ఎరిగినవాడు ఆయనయే. ఏ కాలు పూర్వము బెణికినది, ఏ మందు పడదు, ఎంత భారము మోయగలడు అన్న సంగతులు ఒకసారి చూచి చీటి వ్రాయు బయటి నిపుణునికి తెలియవు. గాయము తగిలిన క్షణమున కీలు ఎట్లు తిరిగినదో కన్నులార చూచినవాడును ఆయనయే. వాపు రాకముందు చేయు పరీక్షకు గల విలువ మరునాటి పరీక్షకు ఉండదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదను లోకము తీరు ఇచ్చట తగదు.

పైగా జట్టు వైద్యుడు నిజాయితీగ నిలిచి నింద మోసిన సందర్భములును ఉన్నవి. 2015 ఆగస్టులో లండనులోని చెల్సీ ఫుట్‌బాల్ జట్టు వైద్యురాలు ఈవా కార్నీరో, రిఫరీ పిలువగా గాయపడిన ఆటగాని చూచుటకు మైదానములోనికి పరుగెత్తినది. ఆట చివరి నిమిషములలో తన జట్టు ఒక ఆటగాని కోల్పోయినదని మేనేజరు మొరీన్యో ఆమెను బహిరంగముగ నిందించినాడు. ఆమె ఉద్యోగము విడిచి న్యాయస్థానమునకు పోగా, 2016లో రాజీ కుదిరి, క్లబ్బు ఆమెకు క్షమాపణ చెప్పినది. తప్పు ఎప్పుడును వైద్యునిదే అని తీర్మానించువారు ఈ సంగతి గుర్తింపవలెను.

అయిన లోపమెక్కడ? లోపము వ్యక్తిలో కన్న ఆయన కూర్చున్న పీటలో ఉన్నది. జట్టు వైద్యునికి ఇద్దరు యజమానులు. రోగి ఆటగాడు, జీతమిచ్చునది జట్టు. ఆటగాని మేలు పది సంవత్సరముల తరువాతి నడకలో ఉన్నది. జట్టు మేలు వచ్చు ఆదివారపు ఆటలో ఉన్నది. ఒక ఒరలో రెండు కత్తులు ఇముడవని మన పెద్దలు ఊరక అనలేదు.

అమెరికాలో ఈ సంగతి అర్ధ శతాబ్దమునకు పూర్వమే బయటపడినది. షికాగో బేర్స్ జట్టులో పేరుగాంచిన డిక్ బట్కస్, తన మోకాలికి జట్టు వైద్యము సరిగా జరుగలేదని 1974లో దావా వేసినాడు. 1976లో ఆరు లక్షల డాలర్లకు రాజీ జరిగినది. 1978లో బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు బిల్ వాల్టన్ నొప్పి తెలియని ఇంజెక్షను తీసికొని ఆడగా, పాదమునందలి ఎముక విరిగియున్నట్లు పిమ్మట తేలినది. మరుసటి ఆటల కాలమంతయు ఆయన ఆడలేదు. ఆ జట్టును విడిచినాడు. ఇట్టి అనుభవముల మీదట 1982లో అమెరికా ఫుట్‌బాల్ ఆటగాండ్ర సంఘము యజమానులతో చేసికొన్న ఒప్పందములో రెండు హక్కులు చేరినవి. ఒకటి, బయటి వైద్యుని రెండవ అభిప్రాయము పొందు హక్కు. రెండు, శస్త్రచికిత్స చేయు వైద్యుని తానే ఎన్నుకొను హక్కు. ఇంత జరిగియు వివాదములు ఆగలేదు. 2023 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలోని జ్యూరీ, క్రిస్ మారాగోస్ అను ఆటగాని మోకాలి చికిత్స విషయమున నాలుగు కోట్ల ముప్పది అయిదు లక్షల డాలర్ల పరిహారమునకు తీర్పు చెప్పినది.

మన దేశమునకు వత్తము. వికెట్ కీపరు వృద్ధిమాన్ సాహా 2018 జనవరిలో దక్షిణాఫ్రికాలో తొడకండరము గాయపడి, బెంగుళూరులోని జాతీయ క్రికెట్ అకాడమీకి చేరినాడు. అక్కడ భుజపు నొప్పి సంగతి బయటపడినది. ఇంజెక్షను ఇచ్చినారు, వ్యాయామములు చేయించినారు. ఆ వేసవిలో ఆయన మన సన్‌రైజర్స్ హైదరాబాదు తరఫున ఆడినాడు. ఆ తరువాత భుజము మరల మొండికెత్తినది. చివరకు ఆగస్టులో ఇంగ్లండులోని మాంచెస్టరులో శస్త్రచికిత్స జరిగినది. పునరావాసము సరిగా సాగలేదని పత్రికలలో దుమారము రేగగా క్రికెట్ బోర్డు జూలైలో సుదీర్ఘమైన వివరణ ఇచ్చుకొనవలసి వచ్చినది. సాహా మరల టెస్టు ఆడినది 2019 అక్టోబరులో, మన విశాఖపట్నములో. మధ్య గడచిన కాలము ఇరువది నెలలకు పైమాట.

మరుసటి సంవత్సరమే అప్పుడు హైదరాబాదు జట్టుకు ఆడుచుండిన భువనేశ్వర్ కుమార్‌కు హెర్నియా ఉన్నట్లు ఆలస్యముగ తెలిసి, 2020 జనవరిలో లండనులో శస్త్రచికిత్స జరిగినది. అకాడమీలో ఉన్న కాలమున అది ఏల కనుగొనబడలేదను విమర్శ వచ్చినది. అదే సమయమున జస్‌ప్రీత్ బుమ్రా తన నడుము గాయమునకు స్వంత నిపుణుల సాయము పొందగా, అకాడమీ ఆయనకు దేహదారుఢ్య పరీక్ష జరుపుటకు వెనుకాడినదని 2019 డిసెంబరులో వార్తలు వెలువడినవి. ఆటగాండ్రందరు అకాడమీకే పోవలెనని ఆనాటి బోర్డు అధ్యక్షుడు సౌరవ్ గంగూలీ స్పష్టము చేసినాడు. ఇచ్చట ఇరుపక్షముల వాదమునందును కొంత సత్యము కలదు. ఎవరికి తోచిన వైద్యుని వారు ఆశ్రయించినచో జట్టుకు లెక్క తెలియదు. అట్లని ఒకే గుమ్మమున నిలువవలెనని శాసించినచో ఆటగానికి దిక్కు తెలియదు. పెద్ద సంస్థయందు ఇంత తర్జనభర్జన జరుగుచుండగా పల్లె మైదానపు ఆటగాని గతి ఏమని వేరుగ చెప్పవలెనా? విజయవాడ వైద్య దంపతుల కుమారుడైన వి.వి.ఎస్. లక్ష్మణ్ 2021 డిసెంబరులో ఆ అకాడమీ బాధ్యతలు చేపట్టుట, 2024లో అది విశాలమైన క్రొత్త ప్రాంగణమునకు మారుట శుభసూచకములు.

తెలుగునాట ఈ విషయమున మనకు ఆదర్శప్రాయుడు పుల్లెల గోపీచంద్. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టి, హైదరాబాదులో సయ్యద్ మొహమ్మద్ ఆరిఫ్ గారి శిక్షణలో పెరిగిన ఈ యువకుడు 1994లో పూణెలో జరిగిన జాతీయ క్రీడలలో డబుల్స్ ఆడుచుండగా మోకాలి లిగమెంటు తెగినది. ఒకటికి మించి శస్త్రచికిత్సలు జరిగినవి. ఇక ఆట ముగిసినదని పలువురు తలచినారు. ఆయన తొందరపడలేదు. 1996లో జాతీయ ఛాంపియన్ అయినాడు. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ కిరీటము ధరించినాడు. గాయమునకు, కిరీటమునకు నడుమ ఏడు సంవత్సరముల సాధన ఉన్నది. కత్తి పట్టినవాని నైపుణ్యము ఒక్క పూటది. కాలును తిరిగి నిలిపినది ఆ తరువాతి వేల గంటల వ్యాయామము. ఔషధము కన్న పథ్యము మిన్న అనుట ఇందులకే.

హైదరాబాదునే తన నెలవుగ చేసికొన్న సైనా నెహ్వాల్ కథయు గమనింపదగినది. 2016లో రియో ఒలింపిక్సుకు మోకాలి బాధతోనే పోయి ప్రారంభ దశలోనే ఓడినది. ఆ నెలలోనే ముంబయిలో శస్త్రచికిత్స చేయించుకొని, 2017 జనవరిలో మలేషియా మాస్టర్స్ గెలిచినది. 2018లో కామన్వెల్త్ స్వర్ణము పొందినది. 2022లో పి.వి. సింధు బర్మింగ్‌హామ్‌లో నొప్పితోనే స్వర్ణము గెలిచి, పిమ్మట కాలి ఎముకలో పగులు ఉన్నదని తెలియగానే ప్రపంచ పోటీలను వదలుకొన్నది. 2023 జనవరి వరకు తిరిగి ఆడలేదు. పతకము గెలుచుటలో చూపిన ధైర్యమును అందరు పొగడినారు. పోటీని వదలుకొనుటలో చూపిన వివేకమును పొగడినవారు తక్కువ. మా దృష్టిలో రెండవది మొదటిదానికి తీసిపోదు.

ఇచ్చట మన హృదయమునకు సన్నిహితమైన ఒక గాథను గూర్చి నిర్మొగమాటముగ మాటలాడవలెను. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో మన ఫుట్‌బాల్ జట్టు స్వర్ణము గెలిచినది. ఆ జట్టు శిక్షకుడు హైదరాబాదు ముద్దుబిడ్డ సయ్యద్ అబ్దుల్ రహీం. థాయిలాండుతో ఆడినపుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై ఆరు కుట్లు పడినవి. వెనుక వరుసలో ఆడు అతనిని రహీం సాబ్ ముందు వరుసకు మార్చి ఆడించినాడు. సెమీ ఫైనలులోను, దక్షిణ కొరియాతో జరిగిన ఫైనలులోను జర్నైల్ గోలు చేసినాడు. రహీం సాబ్ స్వయముగ క్యాన్సరుతో బాధపడుచు, మరుసటి సంవత్సరమే పరమపదించినాడు. ఆ త్యాగమునకు మేము శిరస్సు వంచి సలాము చేయుదుము. అయినను ఆ గాథను మన పిల్లలకు చెప్పునపుడు ఒక మాట చేర్చి చెప్పవలెను. తలకు తగిలిన దెబ్బ మెదడును కదిలించినదను అనుమానమున్నచో, ఆ దినమున ఆటగానిని తిరిగి దింపరాదన్నది ఈనాడు వైద్యులు అంగీకరించిన నియమము. ఆనాటి వీరత్వము ఆనాటి జ్ఞానమునకు తగినది. ఈనాటి జ్ఞానము కలిగియు ఆనాటి పని చేయించినచో అది వీరత్వము కాదు, నిర్లక్ష్యము.

శస్త్రచికిత్సను గూర్చి శాస్త్రము ఏమనుచున్నది? మోకాలి లోపల ఏ.సి.ఎల్. అను లిగమెంటు తెగినంతనే కత్తి తప్పదని చాలమంది నమ్మిక. స్వీడనులో జరిగి 2010లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో అట్టి గాయము గల 121 మంది యువజనులను రెండు తెగలుగ విభజించినారు. ఒక తెగకు వెంటనే శస్త్రచికిత్స. 59 మంది గల రెండవ తెగకు మొదట వ్యాయామ చికిత్స, అవసరమైననే కత్తి. రెండు సంవత్సరముల తరువాత చూడగా రెండు తెగల స్థితియందు గణనీయమైన భేదము లేదు. రెండవ తెగలో 23 మంది పిమ్మట శస్త్రచికిత్స చేయించుకొనగా, మిగిలిన 36 మందికి ఆ అవసరమే కలుగలేదు. అట్లని కబడ్డీ రైడరువలె మెలికలు తిరుగు ఆటగాండ్రకు కత్తి అక్కరలేదని దీని అర్థము కాదు. ఆలోచించుటకు కాలమున్నది, రెండవ వైద్యుని అడుగుటకు వ్యవధి ఉన్నది అని మాత్రమే అర్థము. "రేపే చేయింపకున్న కాలు పోవును" అని ఎవరైన తొందరపెట్టినచో కారణమడుగుట తప్పు కాదు. ఎముక చర్మము చీల్చుకొని వచ్చినపుడు, కాలికి రక్తప్రసారము ఆగినపుడు మాత్రము క్షణమైనను ఆగరాదు.

పునరావాసము విషయమున మరింత స్పష్టత కలదు. శస్త్రచికిత్స పిమ్మట తిరిగి ఆటకు వచ్చుటను తొమ్మిది నెలల వరకు ఆపిన కొలది, ప్రతి నెలకు మరల గాయపడు ప్రమాదము దాదాపు సగము తగ్గుచున్నదని 2016లో ప్రకటింపబడిన నార్వే, అమెరికా పరిశోధకుల అధ్యయనము చూపినది. జట్టు అవసరము నాలుగవ నెలలో పిలుచును. మోకాలి అవసరము తొమ్మిదవ నెల దాక ఆగుమనును. ఈ రెంటిలో ఎవరి మాట వినవలెనో నిర్ణయించువాడు జట్టును ఎంపిక చేయువాడు కారాదు.

చట్టము సైతము రోగి పక్షముననే ఉన్నది. ప్రపంచ వైద్య సంఘము 1981లో లిస్బనులో క్రీడావైద్యమునకు సంబంధించిన సూత్రములను ఆమోదించినది. ఆటగాని ఆరోగ్యమే వైద్యుని ప్రథమ కర్తవ్యమని వాని సారాంశము. 2008లో సమీరా కోహ్లీ కేసులో మన సుప్రీం కోర్టు, పరీక్షకు ఇచ్చిన సమ్మతి శస్త్రచికిత్సకు సమ్మతి కాదని, చికిత్స స్వభావము, ప్రమాదములు, ప్రత్యామ్నాయములు వివరించిన పిమ్మట ఇచ్చినదే నిజమైన సమ్మతి యని తీర్పు చెప్పినది. భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారము రోగి కోరిన 72 గంటలలో అతని వైద్య పత్రములు ఇవ్వవలెను. కాగితము చేతనున్ననే రెండవ అభిప్రాయము సాధ్యము. మన పల్లెలలో ఎక్సురే ఫిల్ముల సంచి గూటిలో పెట్టి మరచిపోవుదురు; లేదా అడుగుటకే జంకుదురు. అడుగుట హక్కు.

ఇక తప్పంతయు వైద్యునిపైన, శిక్షకునిపైన మోపి ఆటగాడు చేతులు కడుగుకొనరాదు. నొప్పిని దాచువాడు తరచు అతడే. జట్టులో స్థానము పోవునను భయము, క్రీడల కోటాలో వచ్చు సీటుపై ఆశ, నలుగురిలో పిరికివాడనిపించుకొందునను సిగ్గు అతని నోరు కట్టివేయును. పేద యింటి బిడ్డకు ఆ సీటు ఎంత విలువైనదో మాకు తెలియును. కాని కాలు పోయిన పిమ్మట ఆ సీటు ఏ పనికి వచ్చును? "నీమ్ హకీమ్ ఖత్రా-ఏ-జాన్" అని ఉర్దూలో సామెత. సగము వైద్యము తెలిసినవాడు ప్రాణమునకు ముప్పు అని భావము. నొప్పి మాత్ర మ్రింగి మైదానమునకు దిగు ఆటగాడు తనకు తానే అట్టి హకీమగుచున్నాడు. పుత్తూరు కట్టును మేము నిందింపము. తరతరముల నమ్మకము దానికి ఉన్నది. కాని కట్టు కట్టునది ఎముకకు. తెగిన లిగమెంటు ఆకుపసరుతోను, వెదురుబద్దలతోను అతుకుకొనదు. ఏ గాయమునకు ఏ వాకిలి తట్టవలెనో తెలియుట విద్యావంతుని లక్షణము.

కనుక మా అభిప్రాయము ఇది. జట్టు వైద్యుని ప్రథమ చికిత్సకు, రోగ నిర్ణయమునకు నమ్మవలెను. కత్తి విషయమున ఆయన మాటను గౌరవించుచునే జట్టుతో సంబంధము లేని మరొక ఎముకల వైద్యుని మాటతో సరిచూడవలెను. ఇద్దరును ఒకే మాట చెప్పినచో ఇక ఇల్లిల్లు తిరుగక చికిత్సకు సిద్ధపడవలెను. తిరిగి ఆటకు వచ్చు తేదీని మాత్రము జట్టు అవసరము చూచి గాక, రెండు కాళ్ల బలమును కొలిచి నిర్ణయింపవలెను.

మన కళాశాలకు జట్టు వైద్యుడే లేడు. ఆ లోటునందు మన వ్యాయామోపాధ్యాయుడే వైద్యుడు, ఎంపికదారు, శిక్షకుడు సర్వము అగుచున్నాడు. ఆయనపై ఇంత భారము మోపుట ఆయనకును అన్యాయమే. కావున కమిటీ సభ్యులకు మా విన్నపములు కొన్ని. మోకాలిలో శబ్దము వచ్చినను, వెంటనే వాచినను, తలకు గట్టి దెబ్బ తగిలినను ఆ దినమున విద్యార్థిని తిరిగి ఆడింపరాదను నియమము వ్రాసి క్రీడా సామగ్రి గదిలో అంటింపవలెను. క్రీడాకారులందరికి ప్రమాద భీమా చేయింపవలెను. గాయపడినవాడు ఆత్మకూరుకో నెల్లూరుకో రెండవ వైద్యుని చూడబోవుటకును, ఫిజియోథెరపీకి వచ్చిపోవుటకును బస్సు ఖర్చు క్రీడానిధి నుండి ఇవ్వవలెను. ఆ కాలమున తరగతులకు రాలేకున్నచో హాజరులో మినహాయింపు నీయవలెను. ఒక కొత్త షీల్డు కొను సొమ్ముతో ఒక విద్యార్థి చాలకాలము నెల్లూరు వచ్చిపోగలడు.

ఒంటెను మొదట కట్టివేసి ఆ తరువాత దైవముపై భారము వేయుమని మన ఇండ్లలో పెద్దలు చెప్పు నీతి. నమ్మకము వద్దని వారు అనలేదు. త్రాడు మరువవద్దని అన్నారు. ప్రశ్న అడుగుట, కాగితము దాచుకొనుట, రెండవ మాట వినుట, తొమ్మిది నెలలు ఓర్చుట - ఇవియే ఆ త్రాడు. ఆనాడు ఒక కుర్రవాని భుజము తట్టి పంపిన చేతులతోనే ఈ మాటలు వ్రాయుచున్నాము. వచ్చు వార్షికోత్సవమునకు బల్లపై ఒక కప్పు తగ్గినను చింత లేదు. మన పిల్లలు వేదిక మెట్లు తడబడక ఎక్కి దిగిన చాలును.